సికువా అవ్వకి ఇద్దరు ఉయరాక్‌లు

ఎర్లింగ్ మోయెన్ మా అకులిక్‌లో మొట్టమొదట దిగింది సికువా అవ్వ ఆరేసుకున్న సీల్ తోళ్ల మీద. అందులో ఒకటి, అవ్వ చలికాలమంతా గీకి గీకి మెత్తగా చేసుకున్నది, విమానం కింద చక్రాల బదులుండే స్కీకి చిక్కి నిలువునా చిరిగింది. ఉత్తర ధ్రువం వైపు మ్యాపులో ఏమీ రాయని జాగా మీదుగా ఎగిరిన తొలి మనుషుల్లో అతనొకడని దక్షిణాది పత్రికలు ఆకాశానికెత్తాయట. ఎత్తుకోనీ, మాకేం. వాళ్లకి ఆ తోలు సంగతి తెలీదు కదా.

వసంతం మొదట్లో మా తీరాన కొన్ని రోజులు ఆకాశం, మంచు రెండూ ఒకే తెలుపై కూర్చుంటాయి. నీడ ఉండదు, గీత ఉండదు. నడిచేవాడికే తన కాలి ముందు గుంట ఉందో గుట్ట ఉందో తెలీదు. ఇక పైన ఎగిరేవాడి గతి చెప్పేదేముంది? నేల ఎంత దూరంలో ఉందో తెలిసేసరికి నేలకి కొట్టుకుని ఉంటాడు. ఆ రోజు ఎర్లింగ్ అలాంటి తెలుపులో ఇరుక్కుని, పెట్రోలు అడుగంటి, తల ప్రాణం తోకకొచ్చి తిరుగుతుంటే, కింద వరసగా నల్లటి మచ్చలు కనబడ్డాయి. అదే నేల అనుకుని దించేశాడు. నిజంగానే అది నేల.

సికువా అవ్వ తోలు గీకే కత్తితోనే పరుగెత్తుకొచ్చింది.

“ఏరా, నీ కళ్లు పోయాయా? ఇంత మంచు పరుచుకుని ఉండగా నా తోళ్లే దొరికాయా నీకు?”

ఎర్లింగ్‌కి ముక్క అర్థం కాలేదు. టోపీ తీసి నవ్వుతూ నిలబడ్డాడు. మిషన్ బడిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకున్న ఆమోస్ మధ్యలో దూరి అటూ ఇటూ మాటలు మోశాడు.

“అవ్వా, నీ తోళ్లు లేకపోతే చచ్చేవాణ్ణంటున్నాడు.”

“చచ్చేవాడే. మరి చింపినదానికి ఏమిస్తాడట?”

“ఏదడిగితే అదిస్తాడట.”

అవ్వ అతన్ని పైనుంచి కిందికి చూసింది. అంతకు ముందు వసంతంలో ఆమె ఒక్కగానొక్క కొడుకు ఉయరాక్ సీల్ వేటకెళ్లి, మంచు విరిగి, ఆ ముక్క మీదే సముద్రంలోకి కొట్టుకుపోయాడు. మాలో పోయినవాళ్ల పేరు తర్వాత పుట్టినవాళ్లకి పెడతాం. పెట్టాక వాళ్లు తిరిగొచ్చినట్టే. అల్లుణ్ణి పోగొట్టుకున్న ముసలమ్మ ఆ పేరున్న పసిగుడ్డుని అల్లుడుగారూ అని పిలిచి మర్యాదలు చేస్తుంది, ఎవరూ నవ్వరు. కానీ ఉయరాక్ పోయాక ఊళ్లో ఒక్క కాన్పూ లేదు. ఆ పేరు అలా చలిలోనే ఉండిపోయింది. అవ్వ నిద్ర కూడా దాంతోపాటే పోయింది.

“అయితే వీడికి ఉయరాక్ అని పేరు పెడుతున్నా. నేటినుంచి వీడు నా కొడుకు.”

ఆమోస్ నోరెళ్లబెట్టాడు. “అవ్వా, వీడికి గడ్డం కూడా ఉంది!”

“ఉంటే ఉంది. పైనుంచి వచ్చాడు, నా తోలు చింపుకుని పడ్డాడు. పుట్టడమంటే ఇంతకంటే ఏముంటుందిరా?”

ఉయరాక్ అంటే మా భాషలో రాయి. రాయి ఎగురుతోందని ఊరంతా పడీ పడీ నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో తెలీకుండానే ఎర్లింగ్ కూడా నవ్వాడు.

అతను పుట్టింది మిన్నెసోటాలో. అతను పాకే వయసులోనే అమ్మానాన్నలు జ్వరాల్లో పోయారు. అనాథల ఇంట్లో కొన్నాళ్లు, కూలికి కుదిర్చిన పొలాల్లో కొన్నాళ్లు పెరిగాడు. ట్రాక్టర్లు బాగుచేస్తూ ఇంజన్ల మర్మం పట్టుకున్నాడు. తను ఎప్పుడు నడక నేర్చాడో, మొదట ఏ మాట పలికాడో చెప్పేవాళ్లు ఈ లోకంలో లేరని ఆమోస్‌తో ఒకసారి మాటల్లో అన్నాడు. అది చెప్పేటప్పుడు కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు ఆమోస్‌కి నచ్చలేదు.

తర్వాత తర్వాత అతను ఎక్కడెక్కడో తిరిగినా, చలికాలం మకాం మాత్రం అవ్వ ఇంట్లోనే. విమానం ఆపగానే మొదటి పని, ఇంజన్‌లోని నూనె వేడిగా ఉన్నప్పుడే డబ్బాలోకి దించి ఇంట్లో పొయ్యి పక్కన పెట్టడం. బయట వదిలేస్తే తెల్లారేసరికి అది తారులా గట్టిపడుతుంది. అవ్వ సీల్ నూనె డబ్బా కూడా అక్కడే ఉండేది. అవ్వ ఒకనాడు పొరపాటున ఇతని నూనెలో ఎండుచేప ముంచుకుని నోట్లో పెట్టుకుంది. ఆ రోజు ఆమె తిట్టిన తిట్లకి కుక్కలు కూడా ఇంటి చుట్టుపక్కల లేవు. అయినా మర్నాటినుంచి ఆ డబ్బాని పసిబిడ్డని కాచినట్టు కాచేది తనే. పొద్దున్నే ఇంజన్ మీద గుడ్డ కప్పి, కింద నిప్పుల కుంపటి పెట్టి, అది వేడెక్కేదాకా కూర్చోవడం కూడా తన పనే అనేది.

మందులు, టపా, నక్క తోళ్లు, పురిటికొచ్చిన ఆడవాళ్లు, ఒకసారి చర్చి గంట, ఒకసారి పెళ్లికూతురు. ఎర్లింగ్ మోయనిది లేదు. కొన్నిసార్లు పరిశోధకులమంటూ దక్షిణాది దొరలొచ్చి, ధ్రువం వైపు సముద్రం మీదికి తీసుకెళ్లమని అడిగేవాళ్లు. అంతకు ముందు ఎవరూ విమానం దించని మంచు మీద దించి, మళ్లీ లేపుకుని వచ్చాడు. మొదటిసారి అలా వెళ్లొచ్చినప్పుడు ఊరంతా చుట్టూ మూగింది.

“ఏముందిరా అక్కడ?” అంది అవ్వ.

“మంచు అవ్వా.”

“ఇంకా?”

“ఇంకా మంచే.”

“దానికోసం అంత దూరం పోవాలా? వాకిట్లో ఉందిగా!”

అవ్వ అతన్ని అబ్బాయ్ అని పిలిచేది. అతను మాత్రం ఊళ్లో అందరిలాగే అవ్వా అనేవాడు. అమ్మా అనే మాట అతని నోటికి ఎప్పుడూ అలవాటు లేదు. అవ్వ కూడా పట్టుబట్టలేదు.

ఒక శరత్కాలం చివర్లో, తోళ్ల వ్యాపారుల ఓడ ఒకటి మాకు బాగా ఉత్తరాన మంచులో ఇరుక్కుపోయింది. ఎర్లింగ్ రెండు దఫాలుగా అందులో మనుషుల్ని మోసుకొచ్చి, మూడోసారి వెళ్లి తిరిగి రాలేదు. మొదట్లో తుపాను తగ్గాక వస్తాడులే అనుకున్నారు. తుపాను తగ్గింది. సూర్యుడు చలికాలం సెలవు పుచ్చుకుని పోయాడు. అవ్వ కళ్లలో వత్తులు వేసుకుని చూసింది. ఊళ్లో ఒక్కొక్కరే అతని మాట ఎత్తడం మానేశారు.

నడి చలికాలంలో ఆమోస్ పెళ్లాం టిల్లీకి ఆడపిల్ల పుట్టింది. అవ్వ వెళ్లి, ఎవర్నీ అడక్కుండా, ఆ పిల్ల చెవిలో ఉయరాక్ అని పేరు చెప్పేసింది. పేరుకి ఆడా మగా లేదు మాకు. ఆ రోజునుంచి అవ్వ మళ్లీ తినడం, తిట్టడం మొదలుపెట్టిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

సూర్యుడు తిరిగొచ్చి మధ్యాహ్నాలు కాస్త వెలుగు పడుతున్న రోజుల్లో, ఉత్తరాన ఒంటరిగా బతికే ఒక కుటుంబం కుక్కల బండి మా ఊరికొచ్చింది. దాని వెనక కుంటుకుంటూ ఎర్లింగ్ వచ్చాడు.

తుపానులో దారి తప్పి, ఎడారిలాంటి తీరంలో దిగి, ఒక స్కీ, ప్రొపెల్లర్ అంచు విరగ్గొట్టుకున్నాడు. నడుస్తూ నడుస్తూ కాళ్లు మంచుకి కాలిపోతే, ఆ కుటుంబమే చేరదీసి నడవగలిగేదాకా ఉంచుకుంది. దారి పొడుగునా అతని మనసులో ఉన్నది ఒకటే. గుమ్మంలోకి వెళ్లగానే అవ్వ తిడుతుంది. ఎంత గట్టిగా తిడుతుందో తలచుకుని నవ్వుకుంటూ వచ్చాడు.

తాగునీటికి ఐసు ముక్కలు తేవడానికి బయల్దేరిన టిల్లీ అతన్ని చూసి బిందె వదిలేసి కేకేసింది. జనం చేరారు గానీ ఎవరూ దగ్గరికి రాలేదు. ఆమోస్ ధైర్యం చేసి ఒక గడ్డకట్టిన చేప చేతికిచ్చాడు.

“తిను.”

తిన్నాడు. ఇంకోటి ఇచ్చాడు. అదీ తిన్నాడు. మూడోదానికి చెయ్యి చాపాడు.

“దయ్యం కాదర్రా! దయ్యాలు ఇంత తినవు!”

అప్పుడు పడ్డారు అందరూ మీద. కౌగలింతలు, గుద్దులు, గిల్లుళ్లు. ఆ గోలలోంచి తప్పించుకుని అవ్వ ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్లాడు.

అవ్వ పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పొద్దంతా టిల్లీ పిల్లని ఆమె దగ్గరే ఉంచుతోంది. ఎర్లింగ్ పడుకునే చోట ఉయ్యాల వేలాడుతోంది. అతను ఎగిరేటప్పుడు పెట్టుకునే పాత కళ్లద్దాలు దానికి కట్టి ఉన్నాయి. పిల్లకి చుట్టింది అతని ఉన్ని చొక్కా. అవ్వ చెయ్యి చాచి అతని గడ్డం తడిమింది, బుగ్గ మీద చలి మచ్చ తడిమింది. పెదవులు కదిలాయి. తర్వాత ఒళ్లో పిల్లని చూసింది. నోరు మూసుకుంది.

వెనకాలే వచ్చిన ఆమోస్ తల గోక్కున్నాడు.

“ఏమీ అనుకోకు. నువ్వు పోయావనుకున్నాం. పేరుని అన్నాళ్లు చలిలో నిలబెట్టకూడదు కదా, అందుకని మా పిల్లకి...”

“సరే, బతికే ఉన్నాగా. వెనక్కి తీసుకోండి.”

“ఎలా తీసుకుంటాం? పేరేమన్నా చొక్కానా? లాగేస్తే పిల్ల బతకద్దూ?”

“మరి నన్నేమని పిలుస్తారు?”

ఎవరికీ తెలీదు. ఇలాంటి పొరపాటు చెయ్యడం మావాళ్లకే చేతనవుతుంది, దిద్దుకోవడం మాత్రం చేతకాదు. ఓయ్ అన్నారు కొందరు. ఇదిగో అన్నారు కొందరు. పిల్లలైతే పాత ఉయరాక్ అని పేరు పెట్టి వెంటపడ్డారు. ఎర్లింగ్ వాళ్లతో కలిసి నవ్వేవాడు. అవ్వ అతని బూట్లు కుట్టింది, పుండ్లకి మందు రాసింది, పళ్లెం నిండా పెట్టింది. కానీ ఒక్క మాట పిలిచేది కాదు.

“అబ్బాయ్, పాలు తాగావా? అబ్బాయ్, నవ్వు, నవ్వు!” అని ఆ ఆడపిల్లతో అంటుంటే, పొయ్యి దగ్గర కూర్చున్న ఇతను ప్రతిసారీ తలెత్తి చూసేవాడు. చూసి, మళ్లీ దించుకునేవాడు. ఇన్నేళ్లూ లేనిదేదో తనకుందని అతనికి ఆ రోజుల్లోనే తెలిసింది, అది చేజారాక.

మంచు గట్టిగా ఉండగానే ఆమోస్ మగవాళ్లని పోగేసి, కుక్కల బండ్ల మీద విమానం దగ్గరికి తీసుకెళ్లాడు. విరిగిన స్కీకి తిమింగలం దవడ ఎముక కట్టి, పచ్చి తోలు పట్టీలతో బిగించారు. తోలు ఆరేకొద్దీ ఉడుంపట్టు పట్టింది. ప్రొపెల్లర్ ఒక అంచు విరిగింది కాబట్టి రెండో అంచు కూడా అంతే కోసి సరిచేశాడు ఎర్లింగ్. దాంతోనే ఊరికి ఎగిరొచ్చాడు. చప్పట్లు కొట్టారు, గుండ్రంగా నిలబడి పాడారు. పేరు పెట్టి మాత్రం పెద్దవాళ్లెవరూ పిలవలేదు.

వసంతం ముదిరి సముద్రం మీద మంచు నెర్రెలిచ్చే వేళకి పిల్లకి జ్వరం పట్టుకుంది. పాలు తాగదు, ఊరుకోదు, ఒళ్లు పెనంలా కాలుతోంది. ముసలివాళ్లు మెల్లగా గొణగడం మొదలుపెట్టారు. పేరుకి ఇద్దరు సొంతదారులయ్యారు, పెద్దవాడు తనకి తెలీకుండానే తనవైపు లాక్కుంటున్నాడు, పసిది తట్టుకోలేకపోతోంది అని. ఆమోస్‌కి ఆ మాట చెప్పడం ఇష్టం లేదు, దాచడమూ చేతకాలేదు. అవ్వ ఇంట్లోనే, అవ్వ ముందే చెప్పేశాడు.

ఎర్లింగ్ అవ్వ వైపు తిరిగి అన్నాడు.

“మంచు విడిపోయి ఓడ రాగానే వెళ్లిపోతాను. దక్షిణాన ఎగరడానికి చోట్లు చాలా ఉన్నాయి. పేరు పిల్లదే.”

బూటు కుడుతున్న అవ్వ చేతిలో దారం తెగింది. తెగిన దారాన్ని చూస్తూ అంది.

“ఓడ సంగతి ఓడొచ్చాక చూద్దాం. ముందు ఇంజన్ వేడిచెయ్. అఖాతం అవతలి ఆసుపత్రికి పిల్లని తీసుకెళ్దాం.”

కుక్కల బండికి ఆ నెర్రెల మంచు మీద దారి లేదు. విమానమే దిక్కు. టిల్లీ పిల్లతో వెనక కూర్చుంది. అవ్వ ఎవరూ పిలవకుండానే ముందు సీట్లో, ఎర్లింగ్ పక్కన ఎక్కి కూర్చుంది. ఇన్నేళ్లలో ఆమె విమానం ఎక్కడం అదే మొదలు. లేచేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకుంది. లేచాక ఒక కన్ను తెరిచింది.

“ఇంతేనా? దీనికా ఊరంతా అంత గోల?”

అఖాతం సగం దాటేసరికి ఆ పాత తెలుపు కమ్ముకుంది. ఆకాశం లేదు, మంచు లేదు. ఆసుపత్రి పొగగొట్టం మాత్రం ఒక పుల్లలా కనబడింది గానీ, దాని కింద నేల ఎక్కడో తెలీలేదు. మొదటి దిగుడు తర్వాత ఎర్లింగ్ ఎప్పుడూ మసి పూసిన గోనె సంచులు వెంట పెట్టుకునేవాడు. అవి కింద పడేస్తే నల్లగా కనబడి నేల జాడ చెబుతాయి.

“అవ్వా, నీ కాళ్ల దగ్గర సంచులున్నాయి. చెప్పగానే ఒక్కోటి విసురు!”

విసిరింది. గాలికి రెండు దొర్లుకుంటూ పోయాయి. మూడోది మాత్రం నిలిచింది. ఒక్క మచ్చతో ఏటవాలు తెలీదు.

“ఇంకా కావాలి!”

“అయిపోయాయిరా!”

“ఏదైనా సరే, నల్లగా ఉండేది!”

అవ్వ తన చేతి తొడుగులు విసిరింది. టోపీ విసిరింది. దారిలో తినడానికి తెచ్చుకున్న ఎండు సీల్ మాంసం ముక్క ముక్కగా విసిరింది, ప్రతి ముక్కకీ ఒక తిట్టు తోడిచ్చి మరీ. కింద మచ్చల వరస ఏర్పడింది. ఎర్లింగ్ ఆ వరస పట్టుకుని విమానాన్ని మెత్తగా దించాడు. అది ఆగీ ఆగకముందే ఆసుపత్రి కుక్కలొచ్చి మాంసం మీద పడ్డాయి.

లావుపాటి నర్సమ్మ పిల్ల చెవులు చూసింది, గుండె విన్నది, నోట్లో వేలు పెట్టింది. పెట్టి, కెవ్వుమంది.

“కొరికేసింది! ఇది జబ్బా? కాస్త జలుబు, దానికి తోడు పన్ను. అప్పుడే ఎంత గట్టిదో చూడండి. రెండు రోజులు గోరువెచ్చటి గుడ్డతో తుడవండి, తగ్గిపోతుంది.”

టిల్లీ ఏడుస్తూ నవ్వింది. అవ్వ పిల్ల నోరు తెరిచి, ఆ తెల్లటి గింజని చూసి, గోడకి ఆనుకుని కూలబడింది. నవ్వుకి ఆమె ఒళ్లంతా ఊగింది. ఊగి ఊగి, కళ్లు తుడుచుకుని, ఎర్లింగ్ చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. అతను పక్కన కూర్చున్నాడు.

“నిన్ను పిలవడానికి భయమేసిందిరా,” అంది. “ఒకసారి మంచు తీసుకుపోయింది. రెండోసారి పోయావన్నారు. ఇద్దర్నీ ఒకే నోటితో పిలిస్తే ఎవరో ఒకరు మళ్లీ పోతారని నోరు కట్టేసుకున్నా. దీని జ్వరానికీ నేనే కారణమని వణికిపోయా. తీరా చూస్తే పన్ను!”

ఆమె చేతికి తొడుగు లేదు, చల్లగా ఉంది. ఎర్లింగ్ దాన్ని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ కూర్చున్నాడు.

పిల్ల తేరుకున్నాక, ఆకాశం తేటగా ఉన్న రోజు తిరిగి బయల్దేరారు. దారిలో పిల్ల చిగుళ్ల సలుపుకి మళ్లీ రాగం అందుకుంది. ఇంజన్ మోతని మించి ఏడుస్తోంది. అవ్వ వెనక్కి తిరిగి చూసి, ముందుకి తిరిగి, ఎర్లింగ్ చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

“నువ్వూ అంతే! మొదటి పన్నొచ్చినప్పుడు ఊళ్లో ఒక్కరికీ నిద్ర లేదు!”

“ఎవరు? పిల్లా?”

“నువ్వేరా! నా వేలు కొరికావు. ఇదిగో, మచ్చ ఇంకా ఉంది చూడు!”

ఆమె చూపుడువేలు మీద నిజంగానే ఒక తెల్ల గీత ఉంది. ఎర్లింగ్ దాన్ని చూశాడు, ఆమె మొహం చూశాడు. ఆమె వెనక పిల్లతో మాట్లాడటం లేదు. ఎప్పుడో పోయిన కొడుకుతోనూ మాట్లాడటం లేదు. తనతోనే మాట్లాడుతోంది.

“నడక ఎప్పుడొచ్చిందమ్మా నాకు?” అని అరిచాడు.

అమ్మా అన్న ఆ మాట విని అవ్వ అతని దగ్గరికి జరిగింది. తర్వాత గట్టిగా మొదలుపెట్టింది. నడక ఆలస్యమైందట. కుక్కపిల్ల తోక పట్టుకుని లేచి నిలబడ్డాడట. మొదట పలికిన మాట నూనె అట, ఇంకా కావాలని ఒకటే మారాం. ఇంజన్ మోతలో సగం వినబడక, మళ్లీ చెప్పమ్మా, మళ్లీ చెప్పు అని అడుగుతూనే ఉన్నాడు.

అకులిక్ వచ్చేసింది. ఊరంతా మంచు మీదికొచ్చి చేతులూపుతోంది. విమానం దిగకుండా ఊరి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. ఎముక కట్టిన స్కీ మళ్లీ ఊడిందేమోనని ఆమోస్ ముందుకి పరుగెత్తాడు. ఒరే ఉయరాక్, ఏమైందిరా అని, పైకి వినబడదని తెలిసీ, పేరు పెట్టి అరిచాడు.

పైన అవ్వ చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది. కానీ కిందికి చూసి మొహం గంటు పెట్టుకుంది.

“చాల్లే, మిగతాది ఇంటికెళ్లాక చెప్తా. దిగరా అబ్బాయ్. అదుగో, నా తోళ్లు ఆరేసి ఉన్నాయి. ఈసారి చింపావంటే చూడు.”